పేరు చెప్పని ఫిర్యాదు

చెన్నై చింతాద్రిపేటలో మోటారు విడిభాగాల కొట్ల వరుసకు పైన, మొదటి అంతస్తులో ఒక పొడుగాటి హాలు ఉంది. కూవం నది వైపు కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. శనివారం సాయంత్రం అయిదింటికి అక్కడ ఇరవై మందిమి దాకా జంటనృత్యాల తొలి అడుగులు నేర్చుకునేవాళ్ళం. మొదటి రోజున మా టీచర్ అడుగు కంటే ముందు నియమం నేర్పారు. మగవాళ్ళు వలయంగా నిలబడతారు, స్థానం మారరు. పాట సగమయ్యేసరికి ఆమె చప్పట్లు చరిచి "ఛేంజ్!" అంటారు. ఆడవాళ్ళు ఎదుటి మనిషికి థాంక్స్ చెప్పి, కుడివైపు ఒక్క స్థానం జరుగుతారు. అక్కడ ఎవరుంటే మిగతా పాట వారితోనే.

"ఇక్కడ ఎవరూ ఎవరికీ కుదరదని చెప్పకూడదు. కొత్తగా వచ్చినవాళ్ళు మళ్ళీ ఈ మెట్లెక్కకుండా చెయ్యడానికి ఆ ఒక్క మాట చాలు," అన్నారామె.

నేను వెంటనే చెయ్యెత్తాను. "మేమే ఎందుకు జరగాలి మేడం?"

"ఎవరో ఒకరు జరగాలి కదమ్మా. అందరూ జరిగితే గుద్దుకుంటారు," అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు నేను అడగవలసిన ప్రశ్న అది కాదని తెలియడానికి రెండు నెలలు పట్టింది.

మూడేళ్ళు కాలేజీ తరఫున వాదన పోటీలకు వెళ్ళినదాన్ని నేను. స్త్రీ శరీరం గురించీ, మర్యాద గురించీ, సమ్మతి గురించీ ఎన్నో వేదికల మీద మాట్లాడాను. పరాయి మగవాడి చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేసిన అనుభవం మాత్రం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసు వేడుకలో ఎవరో డాన్సు చేద్దాం రమ్మంటే, ఎందుకు రానో మూడు కారణాలు చెప్పాను. ఇంటికి వచ్చాక ఆ మూడింటిలో ఒక్కటీ నిజం కాదని తోచింది. నాకు భయం, అంతే. అందుకని ఈ క్లాసులో చేరాను. తిరువొత్తియూరులోని మా ఇంట్లో ఈ సంగతి చెప్పినప్పుడు మా అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది.

"కాలేజీలో నోరు ఆడించినావు. అది చాల్లేదని ఇప్పుడు కాళ్ళా?" అంది తలెత్తకుండానే.

వాల్ట్జ్‌ నృత్యంలో మొదట నేర్పే అడుగులను పెట్టె అంటారు. ఒక అడుగు ముందుకు, ఒకటి పక్కకు, మూడో దానికి కాళ్ళు కలపడం. మళ్ళీ అదే వెనక్కి. నేల మీద చతురస్రం గీసినట్టుంటుంది. రెండో వారమో మూడో వారమో, నా ఎదుట నిలబడ్డ మనిషి పెదవులు కదలడం గమనించాను. "ఒకటి, రెండు, మూడు... ఒకటి, రెండు, మూడు..."

"తెలుగువారా?" అన్నాను.

ఆయన ఉలిక్కిపడి నా కాలు తొక్కారు. "అయ్యయ్యో, తగిలిందా పాపా? అవును, తెలుగే. మాట్లాడేదంతా అరవమైపోయినా లెక్క మాత్రం తెలుగులోనే వస్తాది. నువ్వు యాడుండేది?"

"తిరువొత్తియూరు."

"అడ! నేనూ ఆడే గదా!" అన్నారు, ఈసారి రెండో కాలు తొక్కుతూ.

యాభై దాటిన మనిషి. మనలి పారిశ్రామికవాడలో ఒక కర్మాగారంలో కాంట్రాక్టు ఫిట్టరు. ఎంత తోమినా పోని నల్లటి గ్రీజు గీతలు అరచేతుల్లో ఉండేవి. క్లాసుకు వచ్చేముందు చేతులు సబ్బుతో కడిగి, పౌడరు రాసుకుని వచ్చేవారు. జంట నృత్యంలో మగవాడి కుడి అరచెయ్యి ఆడమనిషి వీపు మీద, ఎడమ భుజం కిందుగా ఆనాలి. ఏ దిక్కుకు కదలాలో ఆమెకు తెలిసేది ఆ చేతి వల్లే. ఈయన ఆ చేతిని వీపుకు రెండంగుళాల దూరంలో, గాలిలోనే ఉంచేవారు. వేడి పెనానికి తగులుతుందేమో అన్నట్టు. హాలు అవతలి నుంచి టీచర్ గొంతు వినబడేది: "సార్, మీ చెయ్యి! చెయ్యి చూసుకోండి సార్!" ఆయన కంగారుపడి ఒక్కసారిగా ఆనించేవారు. "ఇప్పుడు మరీ బరువు. పైపు కాదు సార్, మనిషి!" అందరూ నవ్వేవారు. ఆయనా నవ్వేవారు. ప్రతి శనివారం ఈ తంతు తప్పనిసరి. రుంబా వచ్చినా, చాచా వచ్చినా పాట మారేదే తప్ప ఆయన చేతి మీద ఫిర్యాదు మారలేదు.

తిరుగు ప్రయాణంలో ఇద్దరం చింతాద్రిపేటలో వంతెన మీద నడిచే రైలెక్కి, బీచ్ స్టేషన్‌లో మా వైపు వెళ్ళే లోకల్‌కు మారేవాళ్ళం. ఒకసారి ఆయనే చెప్పారు.

"మా ఇంటామె పెరంబూరు రైల్వే కాలనీలో పెరిగింది. పక్కింట్లో ఆంగ్లో ఇండియన్లు. క్రిస్మస్ వస్తే బల్లలన్నీ వారగా జరిపి జంటలుగా ఆడేవాళ్ళంట. ఈమె కిటికీ కమ్ములు పట్టుకోని చూసేదంట. పెండ్లయినప్పటి నుంచి చెప్తా ఉండాది ఆ కథ. వచ్చే జనవరికి మాకు ఇరవై అయిదేండ్లు నిండతాయి. ఆ పొద్దు అందరి ముందరా లేసి ఆమెకు చెయ్యి అందియ్యాల. ఒక్క పాట చాలు."

"ఆమెకు తెలుసా?"

"తెలిస్తే ఇంకేముండాది? శనివారం ఫ్యాక్టరీలో ఓటీ అని చెప్పి వస్తా ఉండా."

"అబద్ధం గదన్నా."

"అబద్ధమే. దేవుడు కూడా నవ్వి ఊరుకునే అబద్ధం," అన్నారు. ఆ తర్వాత రాయపురం దాటేదాకా, నిలువు కడ్డీ పట్టుకుని, బూట్లలోనే వేళ్ళతో అడుగులు లెక్కపెట్టుకున్నారు.

మా బ్యాచ్‌లో ఇంకొకరున్నారు. కొత్తవాళ్ళకు సాయపడేందుకు టీచర్ నిలబెట్టిన పాత విద్యార్థి. హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్న యువకుడు. నాతో తెలుగులోనే మాట్లాడేవాడు, చాలా మర్యాదగా, ప్రతి మాటకూ 'అండీ' చేర్చి. అతని అడుగు తప్పదు. అతని చేతిని టీచర్ ఒక్కసారి కూడా సరిదిద్దలేదు. రుంబా మొదలైన వారం, భుజం కింద ఉండవలసిన ఆ చెయ్యి నా నడుము దాకా జారింది. బొటనవేలు కదిలింది. ఆ కదలికకు పాటతో సంబంధం లేదు. పొరపాటేమో అనుకున్నాను. మరుసటి శనివారం మళ్ళీ అదే జరిగింది. నేను వెనక్కి వంగితే, "రిలాక్స్ అవ్వండి. బిగుసుకుపోతే డాన్స్ రాదు," అన్నాడు నవ్వుతూ. నేను అడుగు తప్పానని అప్పుడే టీచర్ నన్ను మందలించారు.

నిరూపించలేనిది ఆరోపించకూడదన్నది నేను నమ్మిన సూత్రం. నా దగ్గర రుజువు ఏముంది? ఒక బొటనవేలు. అయితే ఆ పై వారం ఒకటి గమనించాను. వలయంలో అతని వంతు వచ్చే ప్రతిసారీ, నా కంటే ఒక స్థానం ముందుండే అమ్మాయికి దాహం వేసేది. సీసా అందుకునేందుకు గోడ దగ్గరికి వెళ్ళి, మళ్ళీ చప్పట్లు వినబడేదాకా అక్కడే నిలబడేది. కుదరదని చెప్పే వీలు లేని చోట ఆమె దాహాన్ని అడ్డుపెట్టుకుంది.

వాదన పోటీల్లో నాకు అన్నిటికంటే గౌరవప్రదంగా తోచిన నీతి ఒకటుంది: ప్రతిపాదనను ఖండించు, మనిషిని కాదు. దాన్నే నమ్ముకుని, మరుసటి శనివారం రైల్లో నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకున్నాను. క్లాసు మొదలుకాకముందే టీచర్ అనుమతి తీసుకుని లేచి నిలబడ్డాను.

"ఇక్కడ ఎవరూ ఎవరికీ కాదనకూడదన్న నియమాన్ని తీసేయాలని కోరుతున్నాను. కొందరి చెయ్యి ఉండవలసిన చోట ఉండడం లేదు. అది అభ్యాసం చాలక జరుగుతున్నది కాదు. నేను ఏ వ్యక్తి గురించీ మాట్లాడడం లేదు, నియమం గురించి మాట్లాడుతున్నాను."

నాలుగు వాక్యాలూ తడబడకుండా చెప్పాను. ఆ తర్వాత ఒక్కొక్క తలా తిరిగింది, ఆ యువకుడి వైపు కాదు. రెండు నెలలుగా ప్రతి శనివారం చేతి గురించి మాట పడుతున్న మనిషి వైపు. పౌడరు రాసుకున్నా నల్ల గీతలు కనబడే చేతుల వైపు. ఆయన తన రెండు అరచేతులనూ ఒకసారి తిప్పి చూసుకున్నారు. తర్వాత వెనక్కి కట్టుకున్నారు.

నేను అదంతా చూశాను. ఈ మాట దాచకుండా రాయాలి. చూపులు ఎటు వెళుతున్నాయో చూశాను, అవి తప్పుగా వెళుతున్నాయని తెలుసుకున్నాను. టీచర్ మెల్లగా, "నువ్వు ఎవరి సంగతి అంటున్నావమ్మా?" అని అడిగారు కూడా. ఒక్క మాట చాలు. నేను మాత్రం, "వ్యక్తుల పేర్లు చెప్పడం నా ఉద్దేశం కాదు," అని జవాబిచ్చి కూర్చున్నాను. నా వాదం మలినం కాకుండా కాపాడుకున్నాననుకున్నాను.

క్లాసు ముగిశాక మెట్ల దగ్గర ఆ యువకుడే నా పక్కకు వచ్చాడు. "చాలా బాగా చెప్పారండీ. అలాంటివాళ్ళ వల్లే క్లాసుకు చెడ్డపేరు. ఎవరో ఒకరు అనాలి," అన్నాడు. నేను తల తిప్పుకుని మెట్లు దిగాను. ఆ సాయంత్రం ఫిట్టరు నా కోసం ఆగలేదు. నేను స్టేషన్ చేరేసరికి రైలు వెళ్ళిపోయింది.

తర్వాతి శనివారం ఆయన రాలేదు. ఆ పై వారమూ రాలేదు. వలయంలో ఒక మగవాడు తక్కువయ్యాడు. టీచర్ స్వయంగా ఆ స్థానంలో నిలబడ్డారు. ఆమెను పక్కకు పిలిచి అడిగాను.

"నేనే ఫోన్ చేసి చెప్పానమ్మా, కొన్నాళ్ళు ఇంట్లోనే సాధన చేసుకోమని. గొడవ చెయ్యలేదు. 'సరి మేడం' అన్నాడు, అంతే. నీకింక ఏ ఇబ్బందీ ఉండదు."

"ఆయన కాదు మేడం." ఎవరో చెప్పాను.

"ఆ రోజు నిన్ను అడిగానా లేదా?"

"అడిగారు."

"మరి అప్పుడేం చేశావు?"

దానికి నా దగ్గర సమాధానం ఉంది. నియమానికీ మనిషికీ మధ్య తేడా గురించి అయిదు నిమిషాలు మాట్లాడగలను. నోరు తెరవబుద్ధి కాలేదు.

మనలి వెళ్ళే బస్సులు ఆగే చోట, పొద్దున ఆరింటికి షిఫ్టువాళ్ళు టీ తాగుతారని ఆయన మాటల్లోనే విన్నాను. రెండు రోజులు అక్కడ నిలబడ్డాను. రెండో రోజు కనిపించారు. నన్ను చూడగానే గ్లాసు కిందపెట్టి రెండడుగులు వెనక్కి వేశారు. మా ఇద్దరి మధ్యా ఒక మోపెడ్ ఉండేలా నిలబడ్డారు.

"అన్నా, నేను మిమ్మల్ని అనలేదు. అది వేరే మనిషి."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కళ్ళు చిట్లించి, చెవి నా వైపు వంచారు. "నేను కాదా?"

"కాదన్నా."

"నిజంగా కాదా పాపా? మూడు వారాలుగా యోచన చేస్తా ఉండా. ఎవరి వీపు మీద పెట్టినా, యాడ పెట్టినా, జారిందేమో, నాకు తెలీకుండా అయిందేమో అని. రాత్రి అన్నం తినేటప్పుడు కూడా ఈ చెయ్యే చూసుకుంటా ఉండా. ఆడోళ్ళు ఊరికే చెప్పరు గదా. చెప్పినారంటే ఏదో ఉంటాది అనుకుంటి."

ఆయనకు కోపం ఆ తర్వాత వచ్చింది, నిదానంగా, టీ పూర్తిగా చల్లారాక.

"ఆ పొద్దు అందరూ నన్నే చూసినారు. నువ్వు చూసినావా లేదా?"

"చూశాను."

"చూసి?"

బస్సు వచ్చింది. ఆయన ఎక్కలేదు. పక్కనున్న మనిషి, "ఏందన్నా, పంచాయితీనా? సూపర్వైజరు పీక మీద కూర్చుంటాడు, రా!" అని అరిచి తాను ఎక్కేశాడు. బస్సు కదిలిపోయింది.

"నేనేం చెయ్యాలో చెప్పండన్నా," అన్నాను.

"నాకు సారీ వద్దు. ఆడ చెప్పు, అందరి ముందరా. వాడి పేరు చెప్పు. నా పేరూ చెప్పు. వాడు, ఈయన కాదు అని. నేను లేనప్పుడు నా పేరు ఆడ శుభ్రంగా ఉండాల. అది చాలు."

అప్పుడు నాకు తెలిసివచ్చింది: నాకు ఆయన పేరు తెలియదు. రెండు నెలలు ఆయన చెయ్యి పట్టుకుని అడుగులు వేశాను, ఒకే రైల్లో ఇంటికి వచ్చాను, ఆయన భార్య చిన్ననాటి కిటికీ కూడా తెలుసు. పేరు అడగలేదు. ఆ బస్టాపులో, అంత జరిగాక, అడగవలసి వచ్చింది. ఆయన చెప్పారు. ఇంటిపేరుతో సహా, మస్టర్‌లో రాయించేటప్పుడు చెప్పినట్టుగా, ఆగి ఆగి.

ఆ శనివారం లేచి నిలబడినప్పుడు నా చేతిలో కాగితం లేదు. రెండు పేర్లూ చెప్పాను. ఏ పేరుకు ఏది చెందుతుందో, ఏది చెందదో చెప్పాను. వాక్యాలు వ్యాకరణం తప్పాయి. ఆ యువకుడు, "నేను హర్ట్ అయ్యానండీ. ఇంతకుముందు ఎవరి గురించీ కాదన్నారు, ఇప్పుడు నా గురించి అంటున్నారు. రేపు ఇంకెవరి పేరు చెప్తారు?" అని అడిగాడు. తర్కం ప్రకారం అది మంచి ప్రశ్న. నా మొదటి మాటే ఆ ప్రశ్నను అతని చేతికిచ్చింది. కొందరు తలాడించారు కూడా. అప్పుడు గోడ దగ్గర సీసా పట్టుకుని నిలబడ్డ అమ్మాయి, ఎవరి వైపూ చూడకుండా, "నాకూ అయింది," అంది. అంతకుమించి ఏమీ అనలేదు. అతను సంచి తీసుకుని మెట్లు దిగిపోయాడు.

టీచర్ ఆ రోజే నియమం మార్చారు. ఇప్పుడు మా క్లాసులో ఎవరైనా కుదరదని చెప్పవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. నేను కోరినదే నెగ్గింది. ఇద్దరు ముగ్గురు వచ్చి నన్ను అభినందించారు. వారిలో ఒకామె, "పాపం, ఆ ఫిట్టరుని అనవసరంగా అనుకున్నాం," అంది తేలిగ్గా, గొడుగు మరిచిపోయి వచ్చామన్నంత తేలిగ్గా. టీచర్ నా ఎదుటే ఆయనకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పారు, మళ్ళీ రమ్మన్నారు. స్పీకర్‌లో ఆయన గొంతు విన్నాను. "రొంబ థాంక్స్ మేడం. షిఫ్టు మారిపోయింది. కుదరదు." అప్పటికి క్రిస్మస్ దగ్గర పడింది.

ఇంట్లో మా అమ్మకు అంతా చెప్పాను. ఆమె చివరిదాకా విని, "మంచిపనే చేసినావు. కానీ ముందర ఒక మంచోడిని తోసేసి చేసినావు," అంది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, లోకల్‌లో ఎదుటి బెంచీ మీద ఆయన కనిపించారు. పక్కన భార్య. ఒడిలో కూరగాయల సంచి. ఆయన నాకు తల ఊపారు. ఆవిడ చూసింది.

"ఎవురండీ ఈ పాప?"

"మనూరే. రైల్లో చూస్తా ఉంటా."

ఆవిడ నవ్వుముఖం మనిషి. వాషర్‌మెన్‌పేట రాకముందే నా ఉద్యోగం, మా వీధి, మా అమ్మ మోకాళ్ళ నొప్పి అన్నీ అడిగి తెలుసుకుంది. తర్వాత తన సంగతి చెప్పింది. "మొన్న మాకు ఇరవై అయిదేండ్లు నిండినాయి పాపా. మా అన్నావాళ్ళు హాలు పట్టి, కేకు కోయించి, పాట పెట్టినారు. ముసలోళ్ళు కూడా లేసి ఆడినారంటే చూడు! ఈయన్ని లెయ్యమంటే లెయ్యలా. నేనే పోయి చెయ్యి చాపితి, జేబులో నుంచి చెయ్యి తియ్యలా. నిలబడినాడు, కరెంటు స్తంభం మాదిరి." మోచేత్తో ఆయన్ని పొడిచి నవ్వింది. "సిగ్గు! ఈ వయసులో! ముందర ఓటీ, ఓటీ అని శనివారాలు ఇంట్లోనే ఉండేవాడు కాదు, ఇప్పుడు ఓటీ కూడా మానేసి టీవీ ముందర కూర్చుంటాడు. ఏం మనిషో!"

ఆయన తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు. చేతులు ఒళ్ళో మడిచి ఉన్నాయి. ఆవిడకు నిజం చెప్పడానికి నాకు రెండు వాక్యాలు చాలు. ఆ శనివారాలు ఎవరి కోసమో, ఆ చెయ్యి జేబులోనే ఎందుకు ఆగిపోయిందో. ఆయన ఒకసారి నా వైపు చూశారు. బతిమాలినట్టూ లేదు, వద్దన్నట్టూ లేదు. నేనేం చేస్తానో కనిపెట్టి చూస్తున్నట్టుంది. ఆయన సంగతి ఆయన అనుమతి లేకుండా నలుగురిలో పెట్టే పని నేను ఒకసారి చేసి ఉన్నాను. "అవునా అక్కా," అని మాత్రం అన్నాను.

తిరువొత్తియూరు వచ్చింది. ఆయన ముందు దిగారు. రైలు పెట్టెకూ ప్లాట్‌ఫారానికీ మధ్య ఎత్తు ఎక్కువ. ఆవిడ తలుపు దగ్గర నిలబడి, ఒక చేత్తో సంచి పట్టుకుని, రెండో చెయ్యి కిందికి చాచింది. ఆయన ఆ చేతి వంక చూశారు. సంచి అందుకున్నారు. ఆవిడ కడ్డీ పట్టుకుని తనంతట తానే దిగింది.